ఊపిరియా, నాడియా

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమునందలి చింతచెట్టును గూర్చి విననివారు హైదరాబాదు నగరమున నరుదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తినప్పుడు ఆ చెట్టు కొమ్మలను బట్టుకొని నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని పెద్దలు చెప్పుదురు; ఆ దినమును స్మరించుకొనుటకై దాని నీడను గూడువారు నేటికిని గలరు. కాని ఆ వరదకు పూర్వము ఆ చోట నేమి యుండెనని యడిగినచో వెంటనే చెప్పగలవారు కొలదిమందియే. అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పాలనమున 1866లో వెలసి, తుదకు వరదపాలైన అఫ్జల్‌గంజి ఆసుపత్రి యక్కడ నుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివర ఆ ఆసుపత్రి వైద్యులు రగిల్చిన యొక వివాదము లండను, ఎడింబరో, కేంబ్రిడ్జి పండితులను రెండు పక్షములుగా చీల్చి యనేక వత్సరములు కుదురుగా గూర్చుండనీయలేదు. ప్రశ్న చూచుటకు చిన్నది: మత్తుమందు పీల్చి ఒడలెఱుగక పడియున్న రోగి తలాపున గూర్చున్నవాడు కనిపెట్టి యుండవలసినది ఆతని యూపిరినా, నాడినా?

శస్త్రచికిత్స యనగానే మనకు కత్తి పట్టిన చేయి జ్ఞప్తికి వచ్చును. ఆసుపత్రినుండి యిల్లు చేరిన రోగిని జూడవచ్చిన చుట్టములు "ఆపరేషను ఎవరు చేశారు?" అని యడుగుదురే గాని "మత్తు ఎవరిచ్చారు?" అని యడుగరు. శస్త్రవైద్యుని పేరు మనుమల కాలము వఱకు చెప్పుకొను కుటుంబములలో సైతము మత్తు డాక్టరు పేరు ఆ వారముననే మఱపున బడిపోవును. కోతకు గుట్లు పడువఱకు మన ప్రాణము నిక్కముగా నెవరి చేతిలో నుండునో వారిని మనమింత సులువుగా మఱచుట నా మనస్సునకు గష్టముగా నుండును. ఆ పని యెట్లు పుట్టినదో, ఎన్ని పొరపాట్ల మీదుగా నడచి నేటి రూపమునకు వచ్చినదో తెలియగోరువారు అఫ్జల్‌గంజి మీదుగా బోక తప్పదు. అచటి వైద్యులు లోకమునకు జాటిన సిద్ధాంతము తప్పని తేలినది. తమ శిష్యులకు నేర్పిన యలవాటు మాత్రము నేటికిని నిలిచి ప్రాణములను గాపాడుచున్నది.

నొప్పి తెలియకుండ కోయవలెనను కోరిక మన దేశమునకు గ్రొత్తది కాదు. శస్త్రకర్మకు ముందు రోగికి భోజనము పెట్టుమనియు, మద్యపు టలవాటు గలిగి బాధ నోర్వజాలని వానికి తీక్ష్ణమైన మద్యమును ద్రాగింపుమనియు సుశ్రుతుడు విధించెను. అయితే మూఢగర్భము, ఉదరరోగము, మొలలు, మూత్రాశయమునందలి రాళ్లు, భగందరము, ముఖరోగములు, వీనియందు మాత్రము పరగడుపుననే శస్త్రము పట్టవలెనని యాతడే మినహాయించెను. కడుపు నిండుగా నుండవలయునా ఖాళీగా నుండవలయునా యను విచారణ యంత ప్రాచీనమైనది. బల్లాలుని భోజప్రబంధమున మఱియొక ముచ్చట గలదు. తలనొప్పితో బాధపడుచున్న భోజరాజును అశ్వినీదేవత లిరువురును మోహచూర్ణముతో నిద్రబుచ్చి, కపాలమును దెఱచి, లోపలి చేపపిల్లలను దీసివైచి, మరల నతికించి, సంజీవనితో మేల్కొల్పిరట. అది కథ. అయినను మోహచూర్ణ మొకటి, మేల్కొల్పు మందొకటి వేఱువేఱుగా నుండవలెనని యూహించిన యా కవి, నిద్రబుచ్చుట సగము పని మాత్రమేయనియు, లేపుట తక్కిన సగమనియు నెఱిగినవాడని నాకు దోచును.

కథ చరిత్రయైనది 1846 అక్టోబరు 16వ తేదీన. అమెరికాలోని బోస్టను నగరపు ఆసుపత్రిలో మోర్టనను దంతవైద్యుడు ఈథరు పీల్పింపగా వారెనను శస్త్రవైద్యుడు రోగి మెడమీది కణితిని గోసెను, రోగి యార్వలేదు. మఱుసటి యేడు నవంబరులో, ఎడింబరో నగరమున ప్రసూతివైద్యము బోధించుచుండిన సింప్సను, క్లోరోఫారము అంతకంటె సులభముగా మత్తు గలిగించునని కనుగొని దానిని బ్రచారమునకు దెచ్చెను. 1848 తొలి దినములలోనే యది కలకత్తా చేరినది. బోస్టనునుండి ఈథరును, ఎడింబరోనుండి క్లోరోఫారమును వచ్చి మన దేశమున బోటీపడగా క్లోరోఫారమే గెలిచినది. ఆ గెలుపునకు మన యెండలే కారణము. ఈథరు 35 డిగ్రీల సెల్సియసు వేడిమి దాటకమునుపే మరగిపోవును. వైశాఖమాసపు మధ్యాహ్నమున హైదరాబాదు గదిలో దాని సీసా మూత దీసి రుమాలుపై బోసినచో, రోగి ముక్కును జేరులోపలనే సగము గాలిలో గలిసిపోవును. దాపున దీపము వెలుగుచున్నచో భగ్గున నంటుకొనును. క్లోరోఫారమో, 61 డిగ్రీల వఱకు మరగదు, మంట నంటుకొనదు, వాసన తియ్యగా నుండును, చిన్నసీసాలో నిమిడి దండు వెంట నెంత దూరమైనను బ్రయాణము చేయును. చుక్కలు చుక్కలుగా గుడ్డపై వేసి ముక్కునకు జూపిన గొన్ని నిమిషములలో మనుష్యుడు మొద్దువలె పడియుండును. ఇన్ని సుగుణములు గల మందునందు నొక్కటే లోపము: అప్పుడప్పుడు, హెచ్చరిక యేమియు లేకుండ, రోగి చచ్చిపోవుచుండెను.

తొలి మరణమే యెల్లరను దిగ్భ్రమ నొందించినది. 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండులో న్యూకాసిలు దాపున నొక పల్లెయందు, 15 ఏండ్ల హానా గ్రీనరను బాలిక కాలిగోరు తీయించుకొనుటకై కుర్చీలో గూర్చుండెను. ఆ పిల్ల యంతకుముందు వేఱొక గోరును ఈథరు మత్తున దీయించుకొన్నదే. అయినను ఈ మాఱు భయముతో నేడ్చుచుండెను. చెంచాడు క్లోరోఫారమును గుడ్డపై బోసి ముక్కునొద్ద నుంచిరి. గోరు తీయుట మొదలిడగానే మొగము పాలిపోయినది. నీళ్లు చల్లిరి, నోట నీళ్లును బ్రాందీయు బోసిరి. కొలది నిమిషములలో నంతయు ముగిసెను. ఆ బాలిక గుండె యాగి చనిపోయెనా, గొంతులో బోసిన ద్రవము ఊపిరితిత్తులలోనికి దిగి చనిపోయెనా యని వైద్యులు నేటికిని వాదించుకొందురు. గోరు తీయించుకొనవచ్చిన బిడ్డ శవమై యిల్లు చేరుటకంటె ఘోరమేమి గలదు? రోగము వలన గాక, రోగమును మాన్పుటకై మన మిచ్చిన సుఖము వలన గలిగిన చావు గావున అది వైద్యుల మనస్సులలో ముల్లువలె నిలిచిపోయెను.

అటుపిమ్మట రెండు మతము లేర్పడినవి. లండనులో జాన్ స్నో, అనగా విక్టోరియా రాణికి 1853లో ప్రసవకాలమున క్లోరోఫారము నిచ్చిన వైద్యుడే, ఆవిరి గాలిలో నెంతపాలు గలిసినదో కొలిచి యీయవలెననియు, పాలు మించినచో అది నేరుగా గుండెను స్తంభింపజేయుననియు జెప్పెను. ఎడింబరోలో సైమను శస్త్రాచార్యుడు దీనికి భిన్నముగా, కొలతలతో బనిలేదు, గుడ్డ చాలును, నాడిని బట్టుకొని కూర్చున్నవాడు మోసపోవును, ఊపిరి సడలకముందు గుండె సడలదు గావున కన్ను ఱొమ్ముమీదను దవడమీదను నిలుపవలెనని తన శిష్యులకు బోధించెను. ఆ శిష్యులలో నొకడైన ఎడ్వర్డు లారీ భారతదేశమునకు వచ్చి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనై, అఫ్జల్‌గంజి ఆసుపత్రికిని వైద్యపాఠశాలకును పెద్దయయ్యెను.

ఆ వైద్యపాఠశాల 1846లో నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలమున స్థాపితమై, ఉర్దూ భాషలో బాశ్చాత్యవైద్యమును బోధించుచు వచ్చినది. లారీ వచ్చిన కాలమున బోధనము ఆంగ్లములోనికి మాఱినది. స్త్రీలకును బ్రవేశము లభించినది. అట్లు చేరినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ యను పార్శీ యువతి యొకతె. ఆమె 1889లో చదువు ముగించి, క్లోరోఫారము నిచ్చుటయే తన వృత్తిగా జేసికొని, చాలకాలము హైదరాబాదు ఆసుపత్రులలో బనిచేసెను. నడుమ ఎడింబరో వెళ్లి భౌతిక రసాయనశాస్త్రములను సైతము చదివి వచ్చెను. ప్రపంచమున మత్తువైద్యమును వృత్తిగా స్వీకరించిన తొలి స్త్రీ యామెయని చెప్పుదురు. ఇంగ్లండులోనే స్త్రీలు వైద్యులగుటకు బోరాడుచున్న దినములలో మూసీ గట్టున నొక యాడుబిడ్డ, నిండుసభవంటి శస్త్రశాలలో రోగి తలాపున గూర్చుండి, "ఇక కోయవచ్చును" అని శస్త్రవైద్యునకు ననుమతి యిచ్చుచుండెనని తలచుకొన్నప్పుడెల్ల నాకు మేను పులకించును. మన పాఠ్యపుస్తకములలో నామె పేరునకు నొక పంక్తియైన దక్కవలసియుండెను.

లారీ పద్ధతి తేటయైనది. రోగి దుస్తులు వదులు చేయవలెను. గొట్టమువంటి టోపీలో క్లోరోఫారము పోసి, గాలి తగులునట్లు ముక్కుపై బట్టవలెను. దవడను ముందునకు లాగి నాలుక వెనుకకు బడి గొంతును మూయకుండ జూడవలెను. మందిచ్చువాడు శస్త్రము వైపు కన్నెత్తి చూడరాదు, నాడి మీద వ్రేలు వేయరాదు. ఊపిరి రాకపోకలే లోకముగా నుండవలెను. ఊపిరి యెక్కడ తడబడినను టోపీ తీసివేయవలెను. ఇట్లు వేలకొలది రోగులకు మత్తిచ్చితిమనియు, క్లోరోఫారము మూలమున నొక్కరును జనిపోలేదనియు నాతడు ఘోషించెను. పట్టుదల గల మనుష్యుడు. తాను నమ్మినదానిని గట్టిగా నమ్మి, నమ్మనిదానిని నంత గట్టిగా ద్రోసిపుచ్చువాడు. సికింద్రాబాదులో రొనాల్డు రాసు 1897 ఆగస్టులో దోమ కడుపున మలేరియా క్రిమిని గనిపెట్టుటకు ముందు, అసలా క్రిమియే లేదని వాదించినవారిలో నీ లారీయు నొకడని చెప్పినచో నాతని స్వభావము తెలియును.

తన మతమును ప్రయోగములతో నిరూపింపదలచి లారీ ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను నాశ్రయించెను. నిజాము ధనసాహాయ్యముతో 1888లో మొదటి క్లోరోఫారము కమీషను కూర్చుండి, ఊరకుక్కలపై బ్రయోగములు జేసి, అన్నిటను ముందుగా నాగినది ఊపిరియే గాని గుండె కాదని తేల్చినది. లండనులోని లాన్సెట్టను వైద్యపత్రిక దీనిని నమ్మక, ఇట్టి ప్రయోగములు నిపుణుల చేతిలో మఱియొకరీతి ఫలము నీయవచ్చునని వ్రాసెను. అప్పుడు నిజాము ప్రభుత్వము తీసికొన్న నిర్ణయము మెచ్చదగినది. మీ నిపుణునే పంపుడు, ఖర్చు మాదియని వేయి పౌనులిచ్చినది. తన వైద్యుని మాట తప్పని తేలునేమోనను జంకు లేక, ప్రతిపక్షిని సొంత సొమ్ముతో బిలిపించి పరీక్షింపుమనుట నేటి ప్రభుత్వములయందును దఱచుగా జూడము.

లాన్సెట్టు పంపినది సామాన్యుని గాదు. గుండెనొప్పికి ఏమిల్ నైట్రైటు ఆవిరి యుపశమనము నిచ్చునని 1867లోనే లోకమునకు జూపిన లాడరు బ్రంటనును బంపినది. గుండెజబ్బు గలవారు నేడు నాలుక క్రింద బెట్టుకొను మాత్ర యా మందు వంశములోనిదే. బ్రంటను బయలుదేఱునప్పుడు క్లోరోఫారము గుండెను జంపగలదని నమ్మినవాడు. 1889 శరత్తున హైదరాబాదులో లారీ, బ్రంటను, కలకత్తానుండి వచ్చిన బామ్‌ఫర్డు, స్థానికుడైన రుస్తుంజీ హకీము గూడి రెండవ కమీషనుగా నేర్పడి పని మొదలిడిరి.

ఆ గదిలో జరిగిన పనిని మనము కొంచెము దగ్గఱగా జూడవలెను. బల్లపై మత్తులో నున్న కుక్క. దాని రక్తనాళములోనికి సన్నని గొట్టము జొనిపి, ఆ గొట్టమును ఆంగ్ల అక్షరము యూ వలె వంగిన గాజునాళమునకు గలిపియుంతురు, అందులో పాదరసము. గుండె కొట్టుకొనినప్పుడెల్ల రక్తము పాదరసమును ద్రోయును; పాదరసముపై దేలు పుడక పైకి లేచి క్రిందికి దిగును; ఆ పుడక చివరనున్న ముల్లు, దీపపు మసి పట్టించిన కాగితము చుట్టి నెమ్మదిగా దిరుగుచున్న పీపాపై తెల్లని గీత గీయుచు బోవును. ఊపిరికొక గీత, రక్తపు పీడనమున కొక గీత. మందు పెరిగినకొలది పీడనపు గీత వాలుగా దిగుచు వచ్చును. ఊపిరి గీత చిన్నదై, చిన్నదై, చదునగును. అటుపిమ్మటగూడ కొంతసేపు గుండె గీత వణకుచు సాగి, తుదకు నాగును. మొదట నాగినది ఊపిరి. ప్రతి గీతకును ఛాయాచిత్రము దీసి భద్రపఱచిరి. నేడు మన చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి బీ.పీ. చూచుట పిల్లలకును దెలిసిన పని గాని, అట్టి పట్టీని ఇటలీలో రివరోచ్చి కనుగొన్నది 1896లో. 1889లో మనుష్యుని రక్తనాళమును గోయక రక్తపీడనమును సరిగా గొలుచు మార్గము వాడుకలో లేదు. కావున మత్తులో నున్న రోగి పీడన మెంత పడిపోయినదో బల్ల ప్రక్క నున్నవాని కెవ్వనికిని దెలియదు. కుక్కను జూచి మనిషిని నూహించుకొనవలసినదే. ఈ వివాద మన్నేండ్లు తెగకుండుటకు ముఖ్యకారణ మిదియేయని నా తలంపు.

కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు గలిపి 490 జంతువులపై బ్రయోగములు జరిగినవనియు, వానిలో 120 పాదరసపు మాపకముతో జరిగినవనియు బ్రంటను లాన్సెట్టునకు దంతివార్త పంపెను. మూగజీవుల నన్నింటిని బలిచేయుట తలచుకొన్న మనసు కలుక్కుమనును. ఆ గీతల వెనుక నున్నది వాని ప్రాణమే. వార్తలోని సారాంశము: క్లోరోఫారము వలన గలుగు నపాయము ఊపిరాడకపోవుట గాని, మోతాదు మించుట గాని మాత్రమే; నేరుగా గుండెకు గలుగు నపాయమేమియు లేదు. తాను వచ్చునప్పటి నమ్మకమును బ్రంటను తానే కొట్టివేసికొనెను. 1890లో లాన్సెట్టు ఆ నివేదికను బ్రకటించినది. హైదరాబాదు పేరు వైద్యలోకమున మాఱుమ్రోగినది. నిజాము రాజధానియందు జరిగిన ప్రయోగము వలన లోకపు టాసుపత్రులు తమ యలవాటును మార్చుకొనవలసి వచ్చుచున్నదని మనవారు పొంగిపోవుట సహజమే.

ఆ పొంగు నిలువలేదు. 1893లో కేంబ్రిడ్జి పండితులు గాస్కెలు, షోరు అనువా రిరువురు మిక్కిలి నేర్పుతో నొక ప్రయోగము జేసిరి. ఒక జంతువు మెదడునకు వేఱొక జంతువు రక్తము ప్రవహించునట్లు నాళములను గలిపి, క్లోరోఫారము మెదడునకు మాత్రము చేరినప్పు డేమగునో, తక్కిన శరీరమునకు మాత్రము చేరినప్పు డేమగునో వేఱుపఱచి చూచిరి. మెదడు ముట్టబడకున్నను రక్తపీడనము పడిపోయినది. అనగా మందు గుండెపై దిన్నగా బనిచేయుచున్నదన్నమాట. ఇంకను పెద్ద దెబ్బ 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై జేసిన పరిశోధనములతో దగిలినది. నిండుమత్తులో గాక పైపైమత్తులో నున్న జంతువున అడ్రినలిను పెరిగినచో, అంతవఱకు గ్రమముగా గొట్టుకొనుచున్న గుండె గదులు చటుక్కున నలిగిన పురుగుల మూటవలె వణకి, రక్తము నెట్టలేక, క్షణములో జీవి మరణించునని యాతడు నిరూపించెను. అడ్రినలిను భయమున బుట్టునది, నొప్పిన బుట్టునది. ఏడ్చుచు గుర్చీలో గూర్చున్న హానా గ్రీనరు తలపునకు రాక మానునా? హైదరాబాదువారు కుక్కలకు మందు లోతుగా నిచ్చి, లోతున బొంచియున్న మృత్యువును జూచిరి. మత్తు మొదటి మెట్టున బొంచియున్న మృత్యువు వారి కంట బడలేదు. వారు గీతలను దప్పు చదువలేదు. ఒక త్రోవను గల చావును జూచి, చావునకు వేఱు త్రోవ లేదనిరి. అచ్చట దప్పిరి.

అయినను లారీ శిష్యుల చేతిలో మరణము లరుదగుటకు గారణ మేమి? ఆతని సిద్ధాంతము గాదు, ఆతని శిక్షణము. ఆ కాలమున బెక్కు ఆసుపత్రులలో మందిచ్చు పనిని చేతికి దొరికిన కుఱ్ఱవిద్యార్థికో, ద్వారము నొద్ద నున్న సేవకునికో యప్పగించుచుండిరి. వాని చూపు శస్త్రము మీదనే. అఫ్జల్‌గంజిలో మాత్రము ఆ పనికి బ్రత్యేకముగా నేర్పిన మనిషి యుండెను. ఆ మనిషికి వేఱు పని లేదు. ఊపిరిని జూచుట, దవడను లాగియుంచుట, అనుమానము గలిగిన మందాపుట, ఈ మూడే. గుండె యాగుట వలన గలుగు చావుల నిది యాపజాలదు గాని, ఊపిరాడక గలుగు చావుల నాపును. మత్తులో జరుగు చావులలో నివి తక్కువేమియు గావు. నాడిని జూడవలదనుట మాత్రము అపాయకరమైన మొండితనమనియే నేను దలతును. అమెరికాలో హార్వర్డు విద్యార్థులుగా నుండిన కుషింగు, కాడ్‌మను 1894 ప్రాంతమున మత్తులోనున్న రోగి నాడిని, ఊపిరిని నొకే కాగితముపై బట్టికగా వ్రాయుట మొదలిడిరి. 1901లో కుషింగు రివరోచ్చి పట్టీని ఇటలీనుండి తీసికొనిపోయి, రక్తపీడనమును సైతము ఆ పట్టికలో జేర్చెను. ఊపిరియా నాడియా యను ప్రశ్నకు సమాధానము, రెండును, విడువక, వ్రాసి పెట్టుచు, అని అట్లు తేలినది.

క్లోరోఫారము ఇరువదవ శతాబ్ది నడుమకు శస్త్రశాలను విడిచినది. 1956 ప్రాంతమున వాడుకకు వచ్చిన హాలోథేను, దాని తరువాతివి, కండరములను సడలించు మందులు, ఊపిరిగొట్టములు, వీని చరిత్ర వేఱొక వ్యాసమున కగును. మనలో బెక్కుమందికి ఎదురగునది వెన్నుసూది. 1898 ఆగస్టులో జర్మనీ వైద్యుడు బీరు కొకైను ద్రావణమును వెన్నెముక నడుమ నున్న నీటిలోనికి ఎక్కించి నడుము క్రిందిభాగమును మొద్దుబార్చెను. తన సహాయకుని, తన్నును గూడ బరీక్షకు బెట్టుకొని, ఆ పిమ్మట దినములకొలది తలనొప్పితో మంచము పట్టెను. సూది చేసిన బెజ్జమునుండి వెన్నునీరు కారుట వలన నా నొప్పి వచ్చునని తెలిసి, నేడు సన్నని సూదులు వాడుచున్నారు. మన యాడువారిలో "కాన్పుకు వెన్నుసూది వేశారు, అప్పటినుంచీ నడుం నొప్పి" అను మాట లేని యిల్లు లేదు. సూది పోటు వలన నొకటి రెండు దినములు నొప్పి యుండవచ్చును గాని, ఏండ్లతరబడి నుండు నడుమునొప్పికి గర్భభారము, సడలిన సంధిబంధములు, బిడ్డను వంగి యెత్తుకొనుట వంటి కారణములే తఱచు; ఆ సూదికి భయపడి తగిన మత్తును వద్దనుకొనుట మంచిది కాదు.

నాకు గజ్జలో హెర్నియా ఆపరేషను జరిగినప్పుడు ఈ చరిత్ర యంతయు గన్నులయెదుట గట్టినది. ముందటి సాయంకాలము మత్తు డాక్టరమ్మ గదికి వచ్చినది. నా కూతురు వయసు. "నోరు బాగా తెరవండి సార్. తల వెనక్కి వంచండి. పళ్లేమైనా కదులుతున్నాయా? కట్టుడుపళ్లున్నాయా?" అని యడిగినది. హెర్నియాకును బళ్లకును సంబంధమేమని నేను నవ్వగా, వెన్నుసూది చాలక నిండుమత్తు నీయవలసివచ్చినచో గొట్టము గొంతులోనికి బోవు దారి నోరేయనియు, కదులుచున్న పన్ను ఊడి ఊపిరితిత్తులలో బడవచ్చుననియు నోపికగా జెప్పినది. "రాత్రి పది తర్వాత ఏమీ తినొద్దు. పొద్దున ఆరింటిలోపు కావాలంటే కాసిని మంచినీళ్లు తాగండి. పాల కాఫీ మాత్రం వద్దండి." గట్టి పదార్థమునకు ఆఱు గంటలకు దక్కువ గాని, నీళ్లకు రెండు గంటలకు దక్కువ గాని యెడము గూడదు. మత్తులో గొంతునకు గాపలా యుండదు. కడుపులోనిది పైకి వచ్చి యూపిరితిత్తులలోనికి దిగినచో అందలి యామ్లము వానిని గాల్చును. ఈ యపాయమును ప్రసూతి స్త్రీలలో 1946లో మెండెల్సనను అమెరికా వైద్యుడు విశదముగా వర్ణించెను. "ఒక్క గుక్క కాఫీయే గదా" యని రహస్యముగా ద్రావించు చుట్టములు తాము ప్రేమతో జేయుచున్న పని యెట్టిదో యెఱుగరు.

మఱునాడు శస్త్రశాలలో నా వ్రేలికి చిన్న పటకారు తగిలించిరి. కరోనా నాళ్లలో ఇంటింట కొని పెట్టుకొన్న ఆక్సీమీటరే యది. జపానులో అవోయాగి యను శాస్త్రజ్ఞుడు 1970ల తొలిభాగమున దాని కీలకము గనిపెట్టెను: ఎఱ్ఱని వెలుగు నొకటి, కంటికి గనబడని పరారుణ వెలుగు నొకటి వ్రేలి గుండ బంపి, రక్తమెంత ప్రాణవాయువును మోయుచున్నదో, నాడి యెంత వేగమున గొట్టుకొనుచున్నదో రెంటి నొక్కమాటుగా జెప్పును. ఆక్సిజను శాతము తగ్గినకొలది దాని స్వరము మంద్రమునకు దిగును. తెరవైపు చూడకున్నను చెవికి దెలియును. ఎడింబరో, లండను పండితులు అర్ధశతాబ్ది తగవులాడిన ఊపిరియు నాడియు నా చూపుడువ్రేలి చివర నొకే చప్పుడై వినవచ్చుచుండెను.

సూది వేయునప్పుడు దిండును గౌగిలించుకొని వీపు వంచి కూర్చున్నాను. కాళ్లు వెచ్చనై, బరువెక్కి, నావి గానట్లయినవి. కొంత జోగు వచ్చుటకు మఱియొక మందు నరమున నెక్కించిరి. కన్నులు మూతపడబోవుచుండగా, "డాక్టరమ్మా, రూపాబాయి పేరు విన్నారా?" అని యడిగితిని. "మా కాలేజీ ఆవిడే కదండీ," అని నవ్వినది. వ్రేలి చప్పుడు నిలకడగా వచ్చుచుండెను. గుండె గీత తెరపై నడచుచుండెను. చేతిపట్టీ యైదేసి నిమిషములకు బిగిసి సడలుచుండెను. అయినను ఆమె నా గడ్డము క్రింద రెండు వ్రేళ్లుంచి దవడను గొంచెము పైకెత్తి, నా ఱొమ్ము లేచి దిగుటను జూచుచు గూర్చుండెను.